పైది పైన, కిందది కింద

గాజువాక దాటి, ఆగిన లారీల వరస దాటి
గెడ్డ ఒడ్డున ముప్పై సెంట్ల మడి.
బొడ్డు నరసాయమ్మ తోటకూర కట్టలు కడుతోంది,
అరటినార కొస పళ్లతో బిగిస్తూ.
స్కూటర్ స్టాండేసి నేను అగర్ బిగించాను.
"ఏటి బావూ, బోరా?"
"కాదమ్మా, మట్టి పరీక్ష."
"మట్టికేటి, జొరమొచ్చిందా?"
నవ్వింది. నేనూ నవ్వి
నమూనా ఒకటి అని సంచీ మీద రాశాను.

మొదటి జానెడు తేలిగ్గానే దిగింది.
పైకొచ్చినదాన్ని మట్టి అనే రాశాను గాని
అందులో సగం మనమే.
పాలప్యాకెట్ మూల, గుట్కా రేకు,
తుప్పు కారిన బ్యాటరీ,
ఎవరి పాపదో గులాబీరంగు చెప్పు పట్టీ.
ఒక వేరు పాలిథిన్ కవర్లో దారి వెతికి, దొరక్క
అక్కడే చుట్టలు చుట్టుకుని పడుకుంది.
వానపాము కోసం చూశాను.
ఫారంలో వానపాముకి గడి లేదు.

రెండో జానెడు నలుపు.
వేలికి కాటుకలా అంటింది.
"గాలి తెచ్చిందిలే అది.
పొద్దున్న ఆరేసిన తెల్ల సీర
మాపటికి బూడిద.
సీరంటే ఉతుక్కుంటాను గాని
నేలనే గెడ్డకి తీసుకెళ్లి ఉతకను?"

ఆ గెడ్డే మూడో పొర.
హుద్‌హుద్ ఏడు అది పొంగి
మడిలో మూడ్రోజులు నిలిచి వెళ్లిందట.
వెళ్తూ వెళ్తూ బూడిద పచ్చటి చార ఒకటి,
గోరంత మందం,
తేదీ వేసినట్టు నేల లోపల వదిలింది.
వాసన చూశాను.
షెడ్డులో పాత ఇంజనాయిలు, ఇంకేదో,
నా ముక్కుకి పేరు తెలీనిది.

దాని పక్కనే కరగని తెల్ల గింజలు.
నరసాయమ్మ చేతిలో కట్ట ఆగింది.
"అది గాలీ కాదు, గెడ్డా కాదు. నేనే.
పురుగు పట్టిందంటే గుళికలిచ్చాడు కొట్టోడు.
రెండు గుప్పిళ్లు సాలన్నాడు, నాలుగేశాను.
పిల్లడి ఫీజు కట్టాల్సిన నెల."

ఆ తర్వాత అగర్ గొంతు మారింది.
గరగర పోయి, తడి చప్పుడు.
పిడి తిప్పుతుంటే భుజం దాకా తెలిసింది.
పైకి లాగితే
ఎరుపు!
భీమిలి దిబ్బల మీద సాయంత్రం పూట ఉండే ఎరుపు.
దాని కింద ఖొండలైటు రాయి ఉంటుంది,
తనే వానకి నానీ నానీ, ఎండకి పగిలీ
ఈ పిడికెడు బంకమన్ను అవడానికి
ఎన్ని వేల వానలో, లెక్క నాకు రాదు.
పైనున్న మూడు జానలకీ
ఒక మనిషి వయసు చాలింది.

ఆమె వచ్చి ముద్ద చేసింది, నాలిక కొసకి తాకించింది.
"నాను కాపరానికొచ్చినప్పుడు
ఇదే పైనుండేది."

సంచులకి దారం కడుతుంటే అడిగింది:
"రిపోర్టెప్పుడొస్తాది?"
"నెల పట్టొచ్చు."
"వచ్చినాక నా కూరెవులు కొంటారు బావూ?"
పెన్ను మూత వెతుక్కున్నాను.
రైతుబజారులో మా ఆవిడ కొనేదీ
ఇలా అరటినారతో కట్టిన కట్టలే
అని చెప్పలేదు.

"గొయ్యి పూడ్చెల్లు. పైది పైన, కిందది కింద."
కుప్ప వైపు చూశాను.
ఎరుపూ నలుపూ కవరు ముక్కా కలిసిపోయాయి.
బూటుతో తోసేశాను.
వద్దంటున్నా రెండు కట్టలు
నమూనాల సంచీలోనే కుక్కింది, డబ్బు పుచ్చుకోలేదు.

రాత్రి సింకు పక్కన స్టీలు బేసిను.
మూడుసార్లు కడగమన్నాను, ఎందుకో చెప్పకుండా.
మొదటి నీళ్లు పారబోయనివ్వక
లైటు కిందికి తెచ్చుకున్నాను.
ముందు ఇసక దిగింది.
దాని మీద నలుపు, మెత్తగా, తొందర లేకుండా.
అన్నిటికీ పైన నెమలిమెడ రంగు పొర ఒకటి
తేలి, అలాగే నిలబడింది.
ఎరుపు ఎక్కడైనా ఉందేమోనని
ఇంకా వంగి చూస్తూనే ఉన్నాను,
వంటింట్లో పోపు చిటపటలాడింది.